పంతొమ్మిదో తారీఖు

మా హైస్కూల్లో హెడ్మాస్టరు గారి గది బయట, వరండాలో ఒక నల్లబోర్డు ఉండేది. దాన్ని పెయింటుతో మూడు గళ్ళు చేశారు. మొదటి గడిలో నేటి సూక్తి, రెండోదాంట్లో వార్తలు, మూడోదాంట్లో 'చరిత్రలో ఈ రోజు'. సూక్తి తెలుగు మాస్టారి శిష్యులది. వార్తలు ఎవరు ముందొస్తే వాళ్ళవి. మూడో గడి మాత్రం సోషల్ మాస్టారి సొంత రాజ్యం. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఎనిమిదో తరగతిలో ఆ రాజ్యానికి నన్ను లేఖకుణ్ణి చేశారు. 1985 నాటి మాట.

మాస్టారి దగ్గర రెండు లాంగ్ నోట్సులు కలిపి కుట్టించిన పుస్తకం ఒకటి ఉండేది. పేజీకొక తారీఖు. పేపర్లలోంచి, ఇయర్ బుక్కుల్లోంచి, ఎవరింట్లోనో దొరికిన పాత సంచికల్లోంచి ఏరి రాసుకున్నవన్నీ అందులో ఉండేవి. ఒక్కో ఏడు ఒక్కో రంగు సిరా. ఫిబ్రవరి 29కి కూడా పేజీ కేటాయించారు గానీ అందులో మొరార్జీ దేశాయ్ పుట్టినరోజు తప్ప ఇంకేమీ లేదు. నాలుగేళ్ళకోసారి పనికొచ్చే ఆ పేజీని చూసి మేం నవ్వుకునేవాళ్ళం.

జూలై 1 వచ్చిందంటే బోర్డు ముందు జాతరే. ఎందుకంటే మా క్లాసులో సగం మంది పుట్టింది ఆ రోజే. నిజంగా పుట్టి కాదు. బళ్ళో వేసేటప్పుడు 'తారీఖు తెలీదండీ, వాన బాగా పడిన ఏడు పుట్టాడు' అని తండ్రి చెబితే, రిజిస్టరు రాసే మాస్టారు చేతికొచ్చిన తారీఖు వేసేసేవారు. జూన్, జూలైలకి గిరాకీ ఎక్కువ. జూలై 1న మా నోట్సులో బెంగాల్ ముఖ్యమంత్రిగా చేసిన డాక్టరు బి.సి. రాయ్ ఉండేవారు. 1882లో పుట్టిందీ ఆ రోజే, 1962లో పోయిందీ ఆ రోజే. 'మన పుట్టినరోజే పుట్టి మన పుట్టినరోజే పోయాడ్రా' అని మా బెంచీలో ఒకడు తెగ బాధపడిపోయాడు. వాడి అసలు పుట్టినరోజు ధనుర్మాసంలో అని వాళ్ళమ్మ చెబుతూ ఉండేది.

బోర్డులో పట్టేవి ఐదు వరసలే. అంచేత ఏది ఉంచాలి, ఏది వదలాలి అనేది మాస్టారు పొద్దున్నే నిర్ణయించి, పెన్సిలుతో టిక్కు పెట్టి ఇచ్చేవారు. నేను తడిగుడ్డతో తుడిచి, ఆరే దాకా ఊదుతూ నిలబడి రాసేవాణ్ణి.

ఆ ఏడు నవంబరు 19 మంగళవారం పడింది. ఆ పేజీలో చాలా ఉన్నాయి. మాస్టారు టిక్కు పెట్టినవి ఇవి. 1493లో కొలంబస్ ప్యూర్టో రికో దీవి చేరడం. 1828లో ఝాన్సీ లక్ష్మీబాయి కాశీలో పుట్టడం (1835 అనేవాళ్ళూ ఉన్నారని పక్కనే చిన్న అక్షరాల్లో రాసుకున్నారు). 1863లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ ప్రసంగం. 1917లో ఇందిరా గాంధీ జననం. 1969లో అపోలో 12 చంద్రుడి మీద దిగడం. ఇందిర పోయి అప్పటికి ఏడాదే కావడంతో ఆవిడ పేరు ఎర్ర సుద్దతో రాయమన్నారు. రాశాను. అక్షరాలు బాగా కుదిరాయి. రెండడుగులు వెనక్కి వేసి నా పనితనం నేనే చూసుకుంటున్నాను.

బెల్లు కొట్టి అటువైపు వచ్చాడు మా బడి అటెండరు. బెల్లంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనప కడ్డీ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆయనకి చదువు అంతగా రాదు, కూడబలుక్కుని చదివేవాడు. బోర్డు ముందు ఆగి, వేలు గాల్లో కదుపుకుంటూ ఐదు వరసలూ చదివాడు. చాలాసేపు పట్టింది. చదివి, గదిలోంచి బయటికొస్తున్న మాస్టారితో అన్నాడు.

"మనది రాయించలేదేంటండి?"

అంతే. గట్టిగా కూడా అనలేదు. మరిచిపోయారేమో గుర్తు చేద్దామన్నట్టు అన్నాడు.

ఎనిమిదేళ్ళ కిందట అదే తారీఖున దివిసీమని ఉప్పెన ముంచింది. ఆయన ఇల్లాలూ ఇద్దరు పిల్లలూ అందులో పోయారు. మా బడిలో అలాంటివాళ్ళు ఆయనొక్కడే కాదు. మాస్టారికి తెలియక కాదు, నాకు తెలియక కాదు. తెల్లారి లేస్తూనే మా ఇంట్లో ఆ మాటే అనుకున్నాం. అయినా బోర్డు దగ్గరికొచ్చేసరికి అది చరిత్రలోకి వస్తుందని ఇద్దరిలో ఏ ఒక్కరికీ తట్టలేదు. చరిత్ర అంటే పుస్తకంలోంచి నోట్సులోకి, నోట్సులోంచి బోర్డు మీదికి దిగేది. ఇది మన సంగతి కదా.

మాస్టారు ఏమీ అనలేదు. నా చేతిలో తడిగుడ్డ తీసుకున్నారు. వరసలు చూశారు. ఏది తుడవాలా అని ఆయన కళ్ళు పైకీ కిందికీ తిరగడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. చివరికి లింకన్ వరస తుడిచారు. 

"ఆయనేం అనుకోడులే. ఇక్కడ మేం మాట్లాడింది లోకం ఎక్కువకాలం గుర్తుపెట్టుకోదని ఆయనే అన్నాడు," అన్నారు అటెండరుతో. ఆ మాట ఎవరికోసం అన్నారో నాకు తెలీదు. తడి ఆరకముందే సుద్దతో '1977 ఉప్పెన' అని రాశారు. దివిసీమ అని రాయలేదు. మా బడిలో అది ఎవరికీ చెప్పక్కర్లేదు. తడి మీద రాసిన సుద్ద మొదట కనపడదు, ఆరేకొద్దీ తేలుతుంది. మొదటి పీరియడు అయ్యేసరికి మిగతా నాలుగు వరసల కంటే అదే తెల్లగా ఉంది.

ఉప్పెన నాటికి నాకు ఐదేళ్ళు. నాకు గుర్తున్నది తక్కువ. గుర్తున్నదాంట్లో పెద్దవాళ్ళు చెప్పగా కలిసిపోయింది ఎంతో ఇప్పుడు విడదీయలేను. మా ఊరు మోపిదేవి దగ్గర. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై సముద్రం దాకా వెళుతుంది కదా, ఆ పాయల మధ్య నేలే దివిసీమ. సముద్రం అవనిగడ్డ దరిదాపుల దాకా వచ్చి ఆగింది. మా ఊరికి నీళ్ళు రాలేదు, గాలి వచ్చింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసొచ్చి నాలుగైదు రోజులు. సార్వా వరి కోతకొచ్చి ఉంది. శుక్రవారం రాత్రి మొదలైన గాలి శనివారానికి ముదిరింది. అమ్మమ్మ వీధి తలుపుకి గడియ పెట్టి, దానికి అడ్డంగా రోలు దొర్లించి, రోలు వెనక తిరగలి పెట్టి, తిరగలి మీద తను కూర్చుంది. తలుపు కొట్టుకున్నప్పుడల్లా ఆవిడ కూడా కదిలేది. నాకు అది ఆటలా అనిపించి నవ్వితే ఒక్కటి పీకింది. అంతకు ముందెప్పుడూ అమ్మమ్మ నన్ను కొట్టలేదు.

మా పెద్దమ్మని నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర ఊళ్ళో ఇచ్చారు. తెల్లారి ఎండ మామూలుగానే కాసింది. తాతయ్య బయల్దేరాడు. కొబ్బరి చెట్లు రోడ్డుకి అడ్డం పడి, గట్లు తెగి, వెళ్ళడానికే రెండు రోజులు పట్టిందట. నాలుగో రోజు తిరిగొచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన పంచె మోకాళ్ళ దాకా ఉప్పు పేరి అట్టలా బిగుసుకుపోయి ఉంది. అమ్మమ్మ దాన్ని మూడుసార్లు జాడించింది. ఆరేసిన ప్రతిసారీ అంచున తెల్లగా తేలేది. నాలుగోసారి దాన్ని ఉతకలేదు, చాకలికీ వేయలేదు, ఏం చేసిందో తెలీదు.

పెద్దమ్మ వాళ్ళ పెద్దాడు నాకంటే మూడేళ్ళు పెద్ద. వాడికి పొట్టివైన నిక్కర్లు సంక్రాంతికి మూటగట్టి పంపేది. ఆ సంక్రాంతికి రాలేదు. ఉప్పెన అంటే ఏమిటో ఐదేళ్ళవాడికి అర్థమైంది అంతవరకే.

పోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే 10,000 దరిదాపు. ఊళ్ళో వాళ్ళు ఆ లెక్క ఎప్పుడూ ఒప్పుకోలేదు. సొర్లగొంది లాంటి ఊళ్ళలో లెక్క చెప్పడానికే మనుషులు పెద్దగా మిగల్లేదు. ఎవరు ఎవరో గుర్తుపట్టలేక కుప్పలుగా దహనం చేశారు. తర్వాత నెలల్లో ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి చందాలు పోగుచేశారు. మా సీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఊరూరా తిరిగారు. తీరం వెంబడి స్తంభాల మీద తుఫాను షెల్టర్లు లేచాయి. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి.

డిగ్రీలో ఇంగ్లీషు పాఠంగా లింకన్ ప్రసంగం వచ్చింది. పట్టుమని మూడు వందల మాటలు లేవు, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆయనకి ముందు ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పెద్దాయన రెండు గంటలు మాట్లాడాడు. లెక్చరర్ గారు ప్రజాస్వామ్యం గురించి చెబుతూ ఉంటే నాకు వేరే సంగతి పట్టుకుంది. అది ఎన్నికల సభ కాదు, శ్మశానం. ఆ జూలైలో మూడు రోజుల యుద్ధంలో పోయిన సైనికుల్ని పాతిపెట్టిన చోటు. వందల సమాధుల మీద పేర్లే లేవు. మేం మాట్లాడింది లోకం మర్చిపోతుంది, వాళ్ళు చేసింది మర్చిపోదు అన్నాడాయన. మా మాస్టారు సగం మాటే చెప్పారు అటెండరుకి. మిగతా సగం కోసం ఆ వరస తుడిచారేమో. లేకపోతే ఊరికే అందిన వరస తుడిచారేమో. అడగడానికి ఆయన లేరు.

ఆ పేజీ మీద నాకు పిచ్చి పట్టింది అప్పుడే. మాస్టారు రాయనివి కూడా పోగేయడం మొదలుపెట్టాను. అపోలో 12 దిగింది చంద్రుడి మీద ఏ చోటో తెలుసా? తుఫానుల సముద్రం అని దానికి పేరు. నీటి బొట్టు లేని సముద్రం, గాలే లేని చోట తుఫాను. మన గడియారంలో అది మిట్టమధ్యాహ్నం. పేలే వెయ్యో గోలు కూడా అదే 1969 నవంబరు 19న, బ్రెజిల్‌లోని మారకానా స్టేడియంలో. కాకపోతే అది రాత్రి ఆట, అప్పటికి మనకి 20వ తారీఖు తెల్లారిపోయింది. కొలంబస్ తారీఖు మరీ అన్యాయం, అప్పటి క్యాలెండరే వేరు. 1582లో దాన్ని మార్చి పది రోజులు ఎగరగొట్టారు. మరి ఏ 19 ఏ 19తో కలిసినట్టు?

ఇంకోటి ఉంది. 1977 నవంబరు 19 ఇందిరా గాంధీకి సరిగ్గా షష్టిపూర్తి. పదవి పోయి ఎనిమిది నెలలు. ఆ రాత్రే ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ విమానం ఇజ్రాయెల్‌లో దిగింది. నాలుగు యుద్ధాలు చేసుకున్న రెండు దేశాల మధ్య అలా ఒక మనిషి నడిచి వెళ్ళడం అప్పటిదాకా లేదు. ఆ విమానం దిగేసరికి ఇక్కడ బాగా పొద్దుపోయింది. మా అమ్మమ్మ తిరగలి మీదే కూర్చుని ఉండి ఉంటుంది.

ఇవన్నీ ఒకసారి అమ్మమ్మకి చెప్పాను. శ్రద్ధగా వింది. విని, "తారీఖులు మనకెందుకురా, తిథి చూడు," అంది.

ఆవిడకి నవంబరు 19 లేదు. పెద్దమ్మ వాళ్ళకి తద్దినం పెట్టడానికి ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. అంచేత కార్తీక శుద్ధంలో ఆ తిథి చూసి తాతయ్య స్వయంపాకం ఇప్పించేవాడు. బియ్యం, కందిపప్పు, కంద, అరటికాయలు, నెయ్యి, చింతపండు, పొట్లంలో ఉప్పు. ఉప్పు పొట్లం అమ్మమ్మ కట్టేది కాదు, అమ్మ చేత కట్టించేది. ఆ తిథి ఒక ఏడు నవంబరు మొదట్లో వచ్చేది, ఒక ఏడు అక్టోబరు చివర్లోనే వచ్చేసేది, అధికమాసం పడిందంటే మళ్ళీ నవంబరులోకి జరిగేది. బడిలో నా పంతొమ్మిది కదలకుండా ఉండేది, ఇంట్లో ఆవిడ రోజు తిరుగుతూ ఉండేది. ఒకే మనుషులకి ఏడాదికి రెండు రోజులు.

ఆ రెండూ కలిసే ఏడు ఉంటుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. పంతొమ్మిది సంవత్సరాలకీ 235 చాంద్రమాసాలకీ తేడా రెండు గంటలే. అంటే పంతొమ్మిదేళ్ళకోసారి తిథీ తారీఖూ ఇంచుమించు మళ్ళీ ఒకచోటికి వస్తాయి. మొదటిసారి 1996లో. నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. సెలవు పెట్టి మరీ ఊరెళ్ళాను. తీరా ఆ నవంబరు 6న కోనసీమ మీద తుఫాను పడింది. పేపరు నిండా పడిపోయిన కొబ్బరి తోటలు, పోయిన మనుషులు. వెయ్యికి పైనే. నేను నా లెక్కలు చెబుదామని వెళితే అమ్మమ్మ పేపరు ముందేసుకుని కూర్చుంది. చదవడం రాదు, బొమ్మలు చూస్తోంది. "ఈసారి దీపావళికి ముందే వచ్చిందిరా," అంది. ఎవరో చుట్టం రాక గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ మాటకి నా నోట్సు సరదా సగం చచ్చిపోయింది. లక్ష్మీబాయీ ఇందిరా ఒకే తారీఖున పుట్టడం కాకతాళీయం. పేలే గోలూ చంద్రుడి మీద మనిషీ కాకతాళీయం. నీళ్ళు మాత్రం అలా కాదు. బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లకి అక్టోబరు, నవంబరు అదను. 1864లో బందరుని ముంచి 30,000 మందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన నవంబరు 1న. ఆంధ్రప్రదేశ్ పుట్టింది కూడా నవంబరు 1నే, 1956లో. మా చిన్నప్పుడు ఆ రోజు బడిలో జెండా, బిళ్ళలు. బందరు మాకు కూతవేటు దూరం, ఆ ఉప్పెన మాట ఒక్కసారైనా బోర్డెక్కలేదు. అడగడానికి దానికి అటెండరు లేడు.

2021లో పొద్దున్నే టీవీ పెట్టాను. నవంబరు 19, శుక్రవారం, కార్తీక పౌర్ణమి. వ్యవసాయ చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని ప్రకటన వస్తోంది. కాసేపటికి కింద స్క్రోలింగ్‌లో రాజంపేట. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెల్లవారుజామున తెగింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట. ఇసక మేటలు, బోర్లాపడ్డ ట్రాక్టర్లు. సముద్రం కాదు, ఏరు. మా సీమ కాదు, రాయలసీమ. అమ్మకి ఫోన్ చేశాను. చూస్తున్నానంది. ఇద్దరం కాసేపు ఫోను పట్టుకుని ఊరికే ఉన్నాం. తర్వాత, "పౌర్ణమి దీపాలు పెట్టుకునే పూట," అని మాత్రం అంది.

మా అబ్బాయికి నవంబరు 19 అంటే ఇవేవీ కావు. 2023లో అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. పదికి పది మ్యాచ్‌లు గెలిచొచ్చి, 240కి ఆలౌటై, ట్రావిస్ హెడ్ 137 కొడుతుంటే చూస్తూ కూర్చున్న రోజు. వాడు రాత్రి అన్నం తినలేదు. "ఈ డేటు అంటేనే నాకు పడదు నాన్నా," అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. తిరగలి మీద అమ్మమ్మ గుర్తొచ్చింది. వాడి నోట్సులో ఆ పేజీ అలా మొదలైంది, అంతే.

అమ్మమ్మ పోయాక స్వయంపాకం బాధ్యత అమ్మ తీసుకుంది. తారీఖుని కూడా వదల్లేదు. 19న ఊళ్ళో గుడి దగ్గర పదిమందికి పులిహోర పొట్లాలు పంచుతుంది. జనవరిలో కొట్టువాళ్ళు కొత్త క్యాలెండరు ఇవ్వగానే, మేకుకి తగిలించకముందే కింద పరుచుకుని నవంబరు తీస్తుంది. 19కి ఒక సున్నా చుడుతుంది. కళ్ళజోడు సర్దుకుని, తిథి వెతికి ఇంకో సున్నా చుడుతుంది. అది అక్టోబరులో పడితే కాగితం వెనక్కి తిప్పుతుంది.

ఈమధ్య పక్కన కూర్చుని 2034లో రెండు సున్నాలూ మళ్ళీ ఒక్కచోటే పడతాయని లెక్కేసి చెప్పాను. ఎంత మురిసిపోతుందో అనుకున్నాను. కాసేపు ఆలోచించింది.

"అయితే ఆ ఏడు పులిహోర ముందు పంచాలా, స్వయంపాకం ఇచ్చాకా?" అని అడిగింది.